మొలకెత్తిన స్తంభం

"చెయ్యి తియ్యండి!"

దర్శన్ తియ్యలేదు. ఆ కేక తనని కాదనుకున్నాడు. చింతామణి ఊరి బజారు వీధిలో, సొంత జాగాలో, సొంత గుంత పక్కన నిలబడి ఉంటే తనమీద కేకలేసేవాళ్లు నాయన తప్ప ఇంకొకరు ఉంటారని అతనికి తోచలేదు.

"మీకే సార్! నీలం చొక్కా! ఆ బోల్టు మీదినుంచి చెయ్యి తియ్యండి!"

ఈసారి తీశాడు. గుంతలో అప్పుడే పోసిన కాంక్రీటు తడిగా మెరుస్తోంది. అందులోంచి లావాటి బోల్టులు నాలుగు తలలెత్తి నిలబడి ఉన్నాయి. పక్కింటి గోడ వైపున్న బోల్టు మీద బరువంతా ఆన్చి, అతను అంతసేపూ తీరిగ్గా ఫోన్ చూసుకుంటున్నాడు.

పసుపురంగు హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి ఒకతె గబగబా వచ్చి, గుంత అంచున మోకాళ్ల మీద కూచుని, టేపు తీసి బోల్టుల మధ్య దూరం కొలిచింది.

"ఏమన్నా విరిగిందా?" అన్నాడు దర్శన్.

"విరగదు. జరుగుతాది. కింద గోరు మందం తేడా వస్తే పైన నాలుగు వేళ్లు ఒరుగుతాది. ఇది స్టీలు బిల్డింగు సార్. పూత పూసి దాచేదానికి గోడ కాదు. ఇప్పటికైతే సరిగ్గానే ఉండాది."

"మీరెవరు?"

"అర్పిత. సైట్ ఇంజినీర్ని. మీరు?"

"దర్శన్. ఈ జాగా మాదే."

"అయితే ఇంకా మంచిది. మీ జాగాలో మీరే కొంచెం దూరంగా నిలబడండి."

కూలీలు నవ్వారు. దర్శన్‌కి కోపం రావాల్సింది. రాలేదు. పైగా సాయంత్రం కూడా ఒకసారి సైటు చూసి వద్దామనిపించింది. తను చిక్కుల్లో పడుతున్నాడని అతనికి అప్పుడే అర్థమై ఉండాల్సింది.

* * *

దర్శన్ వాళ్లది పాత్రల అంగడి. మొదట ఇత్తడి, ఆ తరువాత స్టీలు. ముత్తాత కట్టించిన మట్టిమిద్దె ఇంకో వానాకాలం తట్టుకోదని తేలాక పడగొట్టి, ఎదురుగా గోడౌన్ బాడుగకు తీసుకుని అంగడి అందులోకి మార్చారు.

నాయన పద్మనాభ ముప్పై ఏళ్లుగా స్టీలు బిందెలూ స్టీలు డబ్బాలూ అమ్మి ఇల్లు నడిపిన మనిషి. ఆ మనిషికి స్టీలంటే నమ్మకం లేదు. గుంతల్లో బోల్టులు లేచాక కూడా సణుగుతూనే ఉన్నాడు.

"స్టీలు చొట్ట పడతాదిరా. దినామూ చూస్తాండా కదా నేను. సిమెంటు పోసుకుంటే పోయేదానికి ఈ ఇనుప పందిరి ఏమిటికి?"

"సిమెంటైతే అంతస్తుకంతస్తు ఆరాల నాయనా. అంతవరకూ ఆ గోడౌన్లోనే కూచోవాల. స్టీలైతే గూళూరు షెడ్డులో కోసి, బెజ్జాలేసి, ఈడికి తెచ్చి బిగించేదే. వరమహాలక్ష్మి పండుగకు అంగడి తెరవచ్చు."

పండుగ మాట పద్మనాభ మీద పనిచేసింది. చెంబులూ కలశాలూ అమ్ముకునే వాళ్లకు ఆ వారమే అసలు పంట.

"సరే. కాని ఒక్క స్తంభం ఒరిగిందా, ఇనుమంతా ఊడదీసుకుని పోవాల. ఆ మాట ముందే చెప్పు వాళ్లకు."

దర్శన్ చెప్పాడు. అర్పిత తల ఊపింది. ఆ ఊపుడు వెనక ఎంత బరువుందో అతనికి తరువాత తెలిసింది. గూళూరు దగ్గర ఆమె నాయన మునికృష్ణప్ప నడిపే ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఇంతవరకూ చేసినవి గేట్లు, పశువుల కొట్టాలు, పట్టుపురుగులు పెంచే షెడ్లు. బజారులో రెండంతస్తుల భవనం ఇదే మొదటిది. ఇది సరిగ్గా నిలబడితే కూతురి చదువుతో పాటు ఆయన షెడ్డూ నిలబడుతుంది. ఒరిగితే బాగేపల్లి నుంచి చిక్కబళ్లాపురం దాకా ఇంకెవరూ వాళ్లను పిలవరు.

అప్పటినుంచి దర్శన్ గుంతలకు దూరంగా, అర్పితకు దగ్గరగా నిలబడటం నేర్చుకున్నాడు.

అంగడిలో అతని పని పాత్రల మీద పేర్లు కొట్టడం. పెళ్లికి బిందె కొన్నా, గృహప్రవేశానికి పళ్లెం కొన్నా, ఇచ్చేవాళ్ల పేరు దానిమీద పడాల్సిందే. చేతిలో చిన్న మిషను జుయ్యిమంటుంటే, సూది చుక్క చుక్కగా అక్షరాలు దించుతుంది. ఒక పొద్దున అర్పితకు టీ కొత్త స్టీలు గ్లాసులో వచ్చింది. తాగబోతూ ఆమె గ్లాసు తిప్పి చూసింది. దానిమీద ముత్యాల్లాంటి అక్షరాలున్నాయి.

'చెయ్యి తియ్యండి.'

"ఇదేం పేరు?"

"పేరు కాదు. మీరు నాతో మాట్లాడిన మొదటి మాట. గుర్తుగా ఉంటాదని."

అర్పిత నవ్వాపుకోవడానికి టీ గబుక్కున తాగి నాలుక కాల్చుకుంది. గ్లాసు మాత్రం వెనక్కి ఇవ్వలేదు. కడిగి బ్యాగులో వేసుకుంది. దర్శన్ ఆ పూట ఎవరిదో పెళ్లి బిందె మీద పేరు రెండుసార్లు కొట్టి నాయన చేత చీవాట్లు తిన్నాడు.

* * *

పద్మనాభ తల్లి అంబుజమ్మ దినామూ గొడుగేసుకుని సైటుకు వచ్చేది.

"గడప యాడ పెడ్తారమ్మా?" అని అడిగింది ఒకరోజు.

"గడప ఆఖర్లో అవ్వా. ముందు స్తంభాలు, పైన దూలాలు. గోడలూ తలుపులూ ఆ మల్లా."

"గడప లేకుండా ఇల్లు మొదలుపెడ్తారా యాడన్నా?"

"స్టీల్లో అంతే అవ్వా."

అంబుజమ్మ ఇంకేమీ అడగలేదు. అవ్వ అడగడం మానేసిందంటే ఏదో తీర్మానించుకుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

సోమవారం పొద్దున క్రేను వచ్చింది. వీధిలో పడుకోబెట్టిన మొదటి స్తంభానికి అవ్వ పసుపు పూసి, కుంకుమ పెట్టింది. హారతి పళ్లెం పట్టుకుని గుంత దగ్గరికి వెళ్లి, అది నిలబడబోయే చోట కూడా కర్పూరం వెలిగించింది. కాంక్రీటు దిమ్మె నాలుగు మూలలా అర్పిత ఇనుప బిళ్లలు పేర్చి మట్టం చూసి ఉంచింది. స్తంభం పాదానికున్న ప్లేటు వాటి మీద కూచుంటుంది. కింద మిగిలే వేలెడు సందులో తరువాత సిమెంటు పోస్తారు.

క్రేను స్తంభాన్ని లేపింది. అది గాల్లో నిలువుగా లేస్తుంటే బజారంతా నోరు తెరుచుకుని పైకి చూసింది. ఒక్క మనిషి తప్ప.

"అవ్వా, అక్కడేం చేస్తాండారు? రండి ఇవతలకు!" అర్పిత పరుగున వెళ్లి అంబుజమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

స్తంభం దిగింది. ప్లేటు బెజ్జాల్లోంచి బోల్టులు పైకి వచ్చాయి. నట్లు చేత్తో తిప్పారో లేదో, ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. అందరూ గోడౌన్ చూరు కిందికి పరిగెత్తారు.

చూరు చిన్నది, జనం ఎక్కువ. దర్శన్ భుజం, అర్పిత భుజం మధ్య ఒక హెల్మెట్ పట్టేంత జాగా ఉంది. హెల్మెట్ ఆమె చేతిలో ఉంది.

"నట్లు గట్టిగా బిగించలేదే?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఇప్పుడే బిగించకూడదు. ముందు చేతి బిగువే. స్తంభాలన్నీ నిలబడి, దూలాలు కలిసి, నిలువు చూసినాక గట్టిగా బిగిస్తాం. ముందే బిగిస్తే మల్లా దిద్దుకునేదానికి ఉండదు."

"మనుషుల్లో కూడా అంతేనా?"

అర్పిత వానకేసి చూస్తూ అంది. "కొందరు మొదటిదినమే బోల్టు మీద పడి ఒరిగిపోతారు."

* * *

గురువారం వచ్చింది అసలు పిడుగు.

నాలుగు స్తంభాలూ నిలబడ్డాయి. మొదటి దూలాన్ని క్రేను ఎత్తింది. ఒక చివర రెండో స్తంభానికి చక్కగా కూచుంది. రెండో చివర మొదటి స్తంభాన్ని అందుకోలేదు. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య మూడు వేళ్ల ఎడం.

అర్పిత గుండు దారం వదిలి చూసింది. స్తంభం ఒరిగి ఉంది. కింద ప్లేటు మీద మట్టపలక పెట్టింది. గోడ వైపు మూల కొంచెం లేచి ఉంది. ఆ మూలలోకి తొంగి చూడటానికి లేదు. పక్కింటి గోడ అడ్డం.

ఆమె ముఖం పాలిపోయింది. దర్శన్ వైపు తిరిగింది. "ఆ మూలే. ఆ మూల బోల్టు మీదే కదా నువ్వు ఒళ్లంతా ఆన్చి నిలబడింది! అది వంగింటాది. ప్లేటు దానిమీద ఎక్కి కూచుండాది."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఇంకో సందర్భంలో అయితే దర్శన్ పండుగ చేసుకునేవాడు.

"అప్పుడే కొలిచినావు కదా? సరిగ్గా ఉండాదన్నావు!"

"అన్నాను. ఏమో... నాకేం తెలీడం లేదు."

వీధిలో నలుగురు చేరారు. ఎవరో అన్నారు, "స్టీలు శెట్టికి స్టీలే ఎదురు తిరిగింది." నవ్వులు. ఆ నవ్వులు విన్నాకే పద్మనాభ గోడౌన్ మెట్లు దిగాడు.

"ఏంటమ్మా ఇది?"

అర్పిత నోరు తెరిచేలోపు దర్శన్ ముందుకొచ్చాడు. "నా తప్పే నాయనా. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడు బోల్టు కదిపినాను. వీళ్లది ఏమీ లేదు."

పద్మనాభ కొడుకును ఎగాదిగా చూశాడు. అర్పిత అడ్డం వచ్చింది.

"కాదు సార్. ఆయన కదిపినాడని రుజువు లేదు. కోపంలో నేనే అన్నాను. ఆ మూల బిళ్లలు పెట్టింది నేను. తప్పు నాదే కావచ్చు. రేపు నాయన జాకీలు తెస్తారు. స్తంభం ఎత్తి చూస్తే తెలుస్తాది."

"చూడండి. మీ పని తప్పని తేలిందంటే ఇనుమంతా లారీకి ఎక్కించుకుని పోండి. నేను సిమెంటు మేస్త్రీని పిలుచుకుంటా."

ఆయన వెళ్లిపోయాక అర్పిత బ్యాగులోంచి గ్లాసు తీసి దర్శన్ చేతిలో పెట్టింది.

"ఎందుకు?"

"నన్ను కాపాడేదానికి అబద్ధం చెప్పినావు. అదే నిజమనుకుని నేను నమ్మింటే? కారణం తెలీకుండా సరిచేస్తే మల్లా ఒరుగుతాది. నీ మనసు మంచిదే. కాని నా పనికి అది పనికిరాదు."

ఆమె ఇంటికి పోవడానికి బాగేపల్లి బస్సెక్కింది. అతను గ్లాసు పట్టుకుని, మళ్లీ మొదలైన వానలో తడుస్తూ నిలబడ్డాడు.

* * *

శుక్రవారం తెల్లారగానే దర్శన్ సైటుకు వచ్చాడు. ఏం చెయ్యాలో తెలియక ఆ స్తంభం చుట్టూ తిరిగాడు. గోడ వైపు మూలకు మనిషి పోలేడు. ఫోను పోతుంది. చెయ్యి గోడ సందులోకి చాపి, ప్లేటు అంచుకేసి ఫొటో తీసి చూశాడు.

చూసి కళ్లు నులుముకున్నాడు.

ఇనుప స్తంభం మొలకెత్తింది.

ప్లేటు కింది సందులోంచి లేత పచ్చని మొలకలు వంగి వెలుతురు కోసం చూస్తున్నాయి. అవి పెసలు. ఆ పక్కన అలసందలు. ఇంకా ఏవేవో. వాటి మధ్య పసుపు గుడ్డ అంచు ఒకటి.

తొమ్మిది ధాన్యాలు. పసుపు గుడ్డ. దర్శన్‌కి ఒక్కసారిగా అంతా అర్థమైంది. గడప కింద నవధాన్యాల మూట పెట్టకుండా వాళ్ల వంశంలో ఎవరూ ఇల్లు కట్టలేదు. ఇక్కడ గడప లేదు. మొదట నిలబడింది స్తంభం.

అవ్వ!

నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది. ఈ మాట చెప్తే అర్పిత గెలుస్తుంది. వీధంతా నిన్న నాయనను చూసి నవ్వినట్టు ఈరోజు అవ్వను చూసి నవ్వుతుంది.

అంతలో జీపు ఆగింది. జాకీలతో మునికృష్ణప్ప, వెనక అర్పిత దిగారు. దర్శన్ ఫోను ఆమె చేతికిచ్చాడు. ఆమె చూసింది. ఫొటో పెద్దది చేసి చూసింది. 

"ఇది ఎవరికన్నా చూపించినావా?"

"నీకే మొదట. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు."

అర్పిత ఒక్క క్షణం నాయన వైపు చూసింది. ఆయన జాకీలు దించుతున్నాడు. "ఏదో అడ్డం పడిందని చెప్తాం. అది నిజమే కదా. ఎవరు పెట్టినారో చెప్పొద్దు. అవ్వ తల దించుకునేలా అయితే ఈ బిల్డింగు నిలబడి ఏం లాభం?"

దర్శన్ ఆమెకేసి అలాగే చూస్తుండిపోయాడు. నిన్నటి వరకూ ఈ అమ్మాయి అంటే ఇష్టం. ఇప్పుడు దానితో పాటు ఇంకేదో వచ్చి చేరింది. కృతజ్ఞత.

"ఏమిటికి దాచేది?"

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. గొడుగు పట్టుకుని అంబుజమ్మ. ఆమె వెనక పద్మనాభ.

"నేనే పెట్టినాను. దొంగతనమా ఏమన్నా?" అంది అంబుజమ్మ. "గడప ఎప్పుడో ఆఖర్లో అంటిరి. అంతవరకూ దాన్ని యాడ పెట్టుకునేది?"

"దేన్నమ్మా?" అన్నాడు పద్మనాభ.

"పాత గడప పెరికినప్పుడు దాని కింద మా అత్త పెట్టిన రాగి దుడ్డు దొరికిందిరా. ఆ గడప దాటుకునే కదా కోడలిగా వచ్చినాను. దానిమీద కూచునే నిన్ను ఆడించినాను. అమ్మకం లేని కరువులో కూడా మనల్ని ఒక్కపూట పస్తుండనీలేదు ఆ అంగడి. దాన్ని మట్టితో పాటు ట్రాక్టరుకు ఎత్తేసినారు మీరు. ఒక దండమన్నా పెట్టినారా? నాకు మనసొప్పలేదు. దుడ్డు, ధాన్యాలు మూటగట్టి, ఈ పాప పేర్చిన బిళ్లల మీదనే పెట్టినాను. బరువంతా దానిమీదే కదా నిలబడేది, అదే మంచి జాగా అనుకొంటి."

ఎవరూ నవ్వలేదు. మునికృష్ణప్ప జాకీ కింద పెట్టి అంబుజమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీరు పెట్టిన జాగా సరైందే. మా లెక్కలోనే అది లేదు."

* * *

నట్లు చేతి బిగువే కాబట్టి స్పానర్ పెట్టగానే వదిలాయి. రెండు జాకీలు కలిసి స్తంభాన్ని అంగుళం ఎత్తాయి. దర్శన్ కడ్డీతో మూటను ఇవతలకు లాగాడు. నలిగిన ధాన్యం, పసుపు గుడ్డ, మధ్యలో అరిగిన రాగి దుడ్డు. గోరు మందమే ఉంది.

"కింద గోరు మందం..." అన్నాడు.

"పైన నాలుగు వేళ్లు," అంది అర్పిత. "నేను చెప్పినాను కదా. ఒక వేలు తగ్గింది, అంతే."

స్తంభం దిగింది. గుండు దారం కదలకుండా నిలిచింది. దూలం చివర వచ్చి బెజ్జానికి బెజ్జం ఆనింది. వేలితో తోస్తే బోల్టు వెళ్లిపోయింది. పైన కూచున్న కుర్రాళ్లు ఈల వేశారు. నిన్న నవ్విన నలుగురే కింద చప్పట్లు కొట్టారు.

అంబుజమ్మ రాగి దుడ్డును చీర చెంగుతో తుడుచుకుంటూ నిలబడి ఉంది. అర్పిత వెళ్లి చెయ్యి చాపింది.

"ఇట్లా ఇవ్వండి అవ్వా. దీని జాగా దీనికి ఉండాది."

బిళ్లల మీద కాదు. బిళ్లల మధ్య, ఖాళీ సందులో. అక్కడ బరువు దానిమీద పడదు. దుడ్డును ఆమె అవ్వ చేతనే అక్కడికి తోయించింది. తరువాత దిమ్మె చుట్టూ చెక్కలు కట్టి ఆ సందులో సిమెంటు పోశారు. స్తంభం పాదమూ, పాత గడప కింది దుడ్డూ ఒకే ముద్దలో కలిసిపోయాయి.

"మొలకలు?" అంది అవ్వ.

"అవి సిమెంటులో వద్దు. కుండీలో పెట్టుకుందాం."

పద్మనాభ అంతా చూస్తూనే ఉన్నాడు. ఎవరికీ ఎప్పుడూ థాంక్స్ చెప్పి ఎరగని మనిషి. స్తంభం మీద అరచెయ్యి వేసి, అలాగే కాసేపు ఉంచి, గోడౌన్లోకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం దర్శన్ టీ తెచ్చాడు, అదే గ్లాసులో. అర్పిత తీసుకుని తాగింది. కడిగి, బ్యాగులో వేసుకుంది.

* * *

వరమహాలక్ష్మి పండుగకు ఎనిమిది రోజుల ముందు అంగడి తెరుచుకుంది. వెలుతురు లోపలికంటా వచ్చే కొత్త అంగడి. మధ్యలో ఎక్కడా గోడ అడ్డం లేదు. బిందెలు తళతళలాడుతున్నాయి. గుమ్మం పక్కన కుండీలో అలసంద తీగ పాకుతోంది.

పద్మనాభ పేర్లు కొట్టే మిషను పట్టుకుని మొదటి స్తంభం దగ్గరికి వెళ్లాడు. కళ్లు మసకబారాక ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"సార్, సార్! పెయింటు గీకితే తుప్పు పడతాది!" అర్పిత పరిగెత్తింది.

"అట్లనా?" ఆయన ఆగాడు. చుట్టూ చూసి, అరలోంచి పెద్ద స్టీలు పళ్లెం ఒకటి తీసుకుని కూచున్నాడు. మిషను జుయ్యిమంది. అక్షరాలు కొంచెం వంకరగా, చాలా నెమ్మదిగా వచ్చాయి.

'ఈ ఉక్కు నిలబెట్టినవారు: మునికృష్ణప్ప, అర్పిత. గూళూరు.'

మునికృష్ణప్ప పళ్లెం అందుకుని ఆ అక్షరాల మీద వేలు పోనిచ్చాడు. ఆయన చేసిన ఏ గేటు మీదా, ఏ షెడ్డు మీదా ఇంతవరకూ ఆయన పేరు లేదు. రెండు చేతులూ జోడించాడు.

"నాకెందుకప్పా దండం? పెట్టాల్సింది నేను," అన్నాడు పద్మనాభ. "నిలబెట్టినావు. నా తల్లి మాట కూడా నిలబెట్టింది నీ బిడ్డ."

అంబుజమ్మ పళ్లెం లాక్కుని చూసింది. "పాప పేరు పక్కన ఇంత జాగా విడిచినావేమిరా?"

"అది నేను కొట్టేది కాదమ్మా. వాళ్లిద్దరూ చెప్తే కొట్టాల. బజారులో నలుగురూ ఏమంటారో మరి."

"ఆ నలుగురే కదరా మొన్న స్తంభం చూసి నవ్వింది? మల్లా చప్పట్లు కొట్టింది కూడా వాళ్లే."

 దర్శన్‌కి చెవులు వేడెక్కాయి. అతను పళ్లెం చూశాడు, నాయనను చూశాడు, చివరికి ధైర్యం చేసి అర్పితను చూశాడు.

"మన నట్లు ఇంకా చేతి బిగువు మీదనే ఉండాయి," అన్నాడు మెల్లగా. "దిద్దుకునేదుంటే ఇప్పుడే చెప్పు."

అర్పిత మునికృష్ణప్ప వైపు చూసింది. ఆయన అవతలకు తిరిగి కళ్లు తుడుచుకుంటున్నాడు. తల మాత్రం ఊపాడు.

"నిలువు చూసినాను," అంది అర్పిత. "సరిగ్గానే ఉండాది."

పద్మనాభ మిషను దర్శన్ చేతికిచ్చాడు. అర్పిత బల్ల మీద పళ్లెం కదలకుండా పట్టుకుంది. దర్శన్ ఆమె పేరు పక్కన తన పేరు మొదలుపెట్టాడు. సూది జారబోయింది. రెండో చెయ్యి ఆసరాకోసం పళ్లెం అంచుకు పోయి, అక్కడున్న ఆమె చేతిమీద పడింది.

అర్పిత చెయ్యి తియ్యమనలేదు.